ప్లాటినం, గోల్డ్ సరే, అటూ ఇటూ ఎంత?

తమ్ముడు: అందరికీ నమస్కారం. గ్రీన్ బిల్డింగులకి ఇచ్చే రేటింగుల మీద ఇవాళ్టి ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మా అక్క నన్ను కిందికి, సెల్లార్‌లో కరెంటు మీటర్లు బిగించిన గోడ దగ్గరికి తీసుకెళ్లింది. వరసగా ఇరవై మీటర్లు, ప్రతిదాంట్లో ఒక ఎర్ర లైటు వెలిగి ఆరుతోంది. మా ఫ్లాట్ మీటరు మీద 3200 అని ఒక అంకె ఉంది. ఆరేళ్లుగా ఆ పక్కనే బండి పెడుతున్నా నేనెప్పుడూ చూడలేదు. అక్కా, అదేంటో నువ్వే చెప్పు.

అక్క: ఆ లైటు 3200 సార్లు వెలిగిందంటే ఒక యూనిట్ కరెంటు కాలినట్టు. అన్ని మీటర్ల మీదా అదే అంకె ఉండదు, ఎవరి మీటరు మీద ఏముందో వాళ్లు చూసుకోవాలి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టావు కదా, ఎన్ని వచ్చాయి?

తమ్ముడు: మొదట 16. తర్వాత పైకి ఫోన్ చేసి మా ఆవిడని ఏసీ వేయమని, కాసేపాగి మళ్లీ లెక్కపెడితే 96.

అక్క: నిమిషానికి 16 అంటే గంటకి 960, దాన్ని 3200తో భాగిస్తే 0.3 యూనిట్, అంటే మొదటిది 300 వాట్లు. అలాగే రెండోది 1800 వాట్లు. అంటే ఆ ఏసీ ఒక్కటే 1500 వాట్లు లాగుతోంది. ఇందులో ఊహ ఏమీ లేదు, కళ్లతో చూసి లెక్కపెట్టాం. నేను రోజూ చేసే పని దీనికి మరో కొస. ఇంకా పునాదులు కూడా తియ్యని బిల్డింగ్‌కి, ఏడాదిలో ఇలాంటి లైటు ఎన్ని కోట్ల సార్లు వెలుగుతుందో ముందే చెప్పాలి. పన్నెండేళ్లుగా చెప్తున్నాను. ఆ చెప్పే అంకెకీ ఈ గోడ మీద మీటరుకీ మధ్య ఎంత తేడా ఉంటుందో జనానికి ఎవరూ చెప్పరు, అది నాకు నిజంగా బాధ.

తమ్ముడు: నాకు ఈ విషయం ఎందుకు పట్టుకుందంటే, మేం కొత్త ఫ్లాట్ కోసం తిరుగుతున్నాం, హైదరాబాద్ పడమటి వైపు. ఎక్కడికెళ్లినా బ్రోచర్‌లో ఒక ఆకు బొమ్మ, కింద "గ్రీన్ బిల్డింగ్, 30 శాతం కరెంటు ఆదా" అని ఉంటుంది. దేనితో పోలిస్తే 30 శాతం అని ఒక చోట అడిగాను. మామూలు బిల్డింగ్‌తో పోలిస్తే సార్ అన్నాడు ఆ అబ్బాయి. ఆ మామూలు బిల్డింగ్ ఏది, ఎక్కడుంది అంటే జవాబు లేదు.

అక్క: ఎక్కడా లేదు కాబట్టి ఎవరూ చూపించలేరు. అది కంప్యూటర్లో మాత్రమే ఉండే బిల్డింగ్. మీరు కట్టబోయే బిల్డింగ్ ఆకారమే తీసుకుని, దానికి రూల్స్‌లో చెప్పిన కనీస స్థాయి గోడలు, అద్దాలు, ఏసీలు తొడిగి ఒక జంట బిల్డింగ్ తయారుచేస్తాం. రెండింటినీ ఒకే ఎండలో ఏడాది పాటు నడిపిస్తాం, అంటే కంప్యూటర్లో 8760 గంటలు. రెండో దానికన్నా మొదటిది 30 శాతం తక్కువ తింటే అదే ఆ బ్రోచర్లో అంకె. లెక్క తప్పుడు లెక్క కాదు. కానీ దాన్ని చదివేవాళ్లు "మా బిల్లు 30 శాతం తగ్గుతుంది" అని చదువుకుంటారు, అది మాత్రం ఆ లెక్కలో ఎక్కడా లేదు.

తమ్ముడు: అసలు ఈ రేటింగుల ఊపు మన ఊళ్లోనే మొదలైంది కదా?

అక్క: అవును, అది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయమే. కొండాపూర్ దగ్గర సీఐఐ అనే పరిశ్రమల సమాఖ్య వాళ్ల సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ ఉంది, మధ్యలో గుండ్రటి ఖాళీ జాగా, చుట్టూ బిల్డింగ్, కప్పు మీద గడ్డి. 2003లో దానికి లీడ్ ప్లాటినం వచ్చింది. లీడ్ అంటే అమెరికా వాళ్ల గ్రీన్ బిల్డింగ్ రేటింగ్, అందులో ప్లాటినం అన్నిటికన్నా పై మెట్టు. అమెరికా బయట ప్లాటినం వచ్చిన మొట్టమొదటి బిల్డింగ్ అదే. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు ప్రారంభించారు. నేను కాలేజీలో ఉండగా మమ్మల్ని బస్సులో తీసుకెళ్లి చూపించారు. మే నెల మధ్యాహ్నం, లోపలికి అడుగుపెట్టగానే ఒళ్లు చల్లబడింది, ఈ పనే చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. కాబట్టి రేటింగులు దండగ అని నేను ఎప్పటికీ అనను. ఆ రేటింగులు రాకముందు గోడల్లో ఇన్సులేషన్ గురించి, వాన నీళ్ల గురించి బిల్డర్‌తో మాట్లాడే దిక్కే లేదు. గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు చూడు, అలా మొదలైంది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా మెల్ల దగ్గరే ఆగిపోతే ఎలా అన్నదే నా గోడు.

తమ్ముడు: ఆ మెల్ల ఎక్కడుందో చెప్పు మరి.

అక్క: లీడ్ నాలుగో వెర్షన్‌లో లెక్క 110 పాయింట్లకి. 60 వస్తే గోల్డ్, 80 వస్తే ప్లాటినం. 59 వస్తే సిల్వర్. ఆఫీసు లాంటి కొత్త బిల్డింగ్ అయితే వాటిలో 18 పాయింట్ల దాకా కరెంటు ఆదాకే, అదీ ముందుగా చెప్పిన అంచనా మీద. ఆ అంచనా అటూ ఇటూ ఊగిందంటే పాయింట్లూ ఊగుతాయి. అంటే 58 అని రాసి ఉన్న బిల్డింగ్ నిజానికి 54 కావచ్చు, 63 కూడా కావచ్చు. 60 దగ్గర గీత గీసి, ఇటు వాళ్లకి బంగారం, అటు వాళ్లకి వెండి అంటే, కొలబద్ద మీద లేని గీతని చూసి తీర్పు చెప్పినట్టే కదా.

తమ్ముడు: అంచనా తప్పుతుందని ఊరికే అంటున్నావా, ఎవరైనా కూర్చుని సరిచూశారా?

అక్క: చూశారు. కెనడా జాతీయ పరిశోధన సంస్థ వాళ్లు 2009లో 100 లీడ్ బిల్డింగుల అసలు వాడకం తీసుకుని మామూలు వాటితో పోల్చారు. సగటున చదరపు అడుగుకి 18 నుంచి 39 శాతం తక్కువే వాడుతున్నాయి, అది మంచి వార్త. కానీ విడివిడిగా చూస్తే వాటిలో 28 నుంచి 35 శాతం బిల్డింగులు, అంటే దాదాపు మూడింట ఒకటి, తమలాంటి మామూలు బిల్డింగ్ కన్నా ఎక్కువ వాడుతున్నాయి. పైగా సర్టిఫికెట్ స్థాయికీ అసలు వాడకానికీ పెద్దగా పొంతన కనిపించలేదు. నువ్వు కొనేది సగటు ఫ్లాట్ కాదు కదా, ఒకే ఒక్క ఫ్లాట్. ఆ మూడింట ఒకటిలో నువ్వు పడ్డావో లేదో ఆకు బొమ్మ చెప్పదు.

తమ్ముడు: నీ లెక్క ఎప్పుడైనా అలా తప్పిందా?

అక్క: తప్పింది. పేర్లు వద్దు. చేరిన కొత్తలో ఊరి పడమటి వైపు ఒక ఆఫీసు బిల్డింగ్‌కి మోడల్ చేశాను. చదరపు మీటరుకి ఏడాదికి 100 యూనిట్ల లోపు అని రిపోర్టులో రాశాను. ఏడాదిన్నర తర్వాత వేరే పని మీద అదే బిల్డింగ్‌కి వెళ్తే, ఎలక్ట్రికల్ రూంలో లాగ్‌బుక్ కనబడింది. చేత్తో రాసిన అంకెలు, గంట గంటకీ. తిరగేసి లెక్కేస్తే 140 దాటింది. నాకు కాళ్లు చల్లబడ్డాయి. గోడల దగ్గరో, అద్దాల దగ్గరో పొరపాటు చేశాననుకుని రెండు రాత్రులు మోడల్ అంతా వెతికాను. ఆ తప్పు గోడల్లో లేదు. నేను ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా ఆఫీసు అనుకున్నాను. అద్దెకొచ్చిన కంపెనీ అమెరికా టైమింగులో పనిచేస్తోంది. సగం ఫ్లోర్లలో రాత్రి రెండింటికీ లైట్లు, ఏసీలు. దాని మీద సర్వర్ రూం, అది ఎలాగూ ఆగదు.

తమ్ముడు: అంటే బిల్డింగ్ బాగానే ఉంది, లెక్కే వేరే ఊళ్లో ఉంది.

అక్క: బిల్డింగ్ బాగానే ఉంది. ఇంకో మాట, అదే బిల్డింగ్ 2020లో, అందరూ ఇళ్లలో కూర్చుని పనిచేసినప్పుడు, చదరపు మీటరుకి ఎన్ని యూనిట్లో చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. మనుషులు లేని బిల్డింగ్ అన్నిటికన్నా గ్రీన్ అన్నమాట. చదరపు మీటరుతో భాగించాలా, మనుషులతో భాగించాలా, పనిచేసిన గంటలతో భాగించాలా? భాగించేది మారితే మంచిదీ చెడ్డదీ తారుమారవుతుంది. ఇది కొలతలో వచ్చే తప్పు కాదు, ఏం కొలవాలన్న దాంట్లోనే తేలకపోవడం.

తమ్ముడు: ఆగు. ఇందాకటి నుంచీ రెండు మూడు రకాల అనిశ్చితి కలిపేస్తున్నామేమో. విడదీసి చెప్పు.

అక్క: ఒకటి, ఎవరు ఎంత కష్టపడ్డా ముందుగా తెలియనిది. వచ్చే వేసవి ఎలా ఉంటుంది, పక్కింటాయన ఏసీ 18లో పెడతాడా, 26లో పెడతాడా. రెండోది, కష్టపడితే తెలుస్తుంది కానీ మనం తెలుసుకోలేదు. ఆ గోడలో పెట్టిన ఇటుక ఏ బట్టీది, కిటికీ ఫ్రేముల సందుల్లోంచి గాలి ఎంత కారుతోంది, ఇవన్నీ కొలవొచ్చు, డబ్బూ ఓపికా పెట్టాలంతే. మూడోది నేనిప్పుడు అన్నది, మనకేది ముఖ్యమో తేల్చుకోకపోవడం. నీళ్లకి ఎంత వెయిటేజీ, కరెంటుకి ఎంత అని. మార్చి వచ్చేసరికి బోర్లు ఎండి రోజుకి నాలుగు ట్యాంకర్లు తెప్పించుకునే అపార్ట్‌మెంట్‌కి నీళ్లే ప్రాణం. గోదావరి ఒడ్డున ఉన్న ఇంటికి అదే వెయిటేజీ పెడితే అర్థం లేదు. ఈ మూడోదాన్ని కంప్యూటర్ తేల్చలేదు, జనం కూర్చుని మాట్లాడుకోవాలి.

తమ్ముడు: వేసవి అన్నావు కాబట్టి అడుగుతున్నా, మీరు ఏ ఎండ వాడతారు?

అక్క: అది అడగాల్సిన ప్రశ్న. పాత ఏళ్ల రికార్డుల నుంచి ఒక "మామూలు సంవత్సరం" కుట్టి పెడతారు. జనవరి ఒక ఏడాది నుంచి, ఫిబ్రవరి ఇంకో ఏడాది నుంచి, ఏ నెలకి ఏది బాగా సగటుగా ఉంటే అది తీసుకుని అతికిస్తారు. ఆ పద్ధతిలో విపరీతమైన నెల దానంతటదే బయటికి పోతుంది. 2015 మే గుర్తుందా? తెలంగాణ, ఆంధ్ర రెండింట్లో కలిపి రెండు వేల మందికి పైగా వడగాడ్పులకి పోయారు. అలాంటి మే ఆ ఫైల్లో ఎప్పటికీ రాదు. మనం కట్టే బిల్డింగ్ యాభై ఏళ్లు ఉంటుందంటాం, లెక్క మాత్రం గడిచిపోయిన చల్లటి ఏళ్ల మీద వేస్తాం. నన్నడిగితే ఇంకో ప్రశ్న ఉంది, అది నాకు స్కోరు కన్నా ముఖ్యం. అలాంటి మే నెలలో మధ్యాహ్నం మూడింటికి కరెంటు పోయి ఆరు గంటలు రాలేదనుకో, పై అంతస్తు బెడ్‌రూంలో పడుకున్న ముసలావిడకి ఎంత వేడి తగులుతుంది? ఆ ప్రశ్నకి సమాధానం నేను చూసిన ఒక్క బ్రోచర్‌లోనూ లేదు. పాత మట్టి మిద్దెల్లో ఉన్నవాళ్లకి ఆ సమాధానం తెలుసు, వాళ్ల ఇళ్లకి ఎవరూ రేటింగ్ ఇవ్వలేదు కానీ.

తమ్ముడు: ఇంత తెలియనిది ఉంటే లెక్క ఎందుకు వెయ్యడం? మానేస్తే పోలా?

అక్క: మానకూడదు. లెక్క వేసే పద్ధతి మార్చాలి. గవ్వలాట తెలుసు కదా, అలా ఆలోచించు. గోడ ఎంత వేడిని లోపలికి వదులుతుందన్నది నాకు కచ్చితంగా తెలీదు, కానీ ఇంత నుంచి ఇంత మధ్య అని తెలుసు. గవ్వలు వేసి ఆ మధ్యలో ఒక విలువ తీస్తాను. జనం ఎన్ని గంటలు ఉంటారు, ఇంకోసారి గవ్వలు. ఎండ, ఏసీ సెట్టింగు, గాలి కారడం, ప్రతిదానికీ గవ్వలే. అన్నీ పడ్డాక ఒకసారి లెక్క వేస్తాను. తర్వాత మళ్లీ మొదటి నుంచి. అలా ఐదు వేల సార్లు. కంప్యూటర్‌కి అది పెద్ద పని కాదు. దీన్ని మాంటే కార్లో అంటారు. చివరికి నా చేతిలో ఒక అంకె ఉండదు, ఐదు వేల అంకెల రాశి ఉంటుంది. "పదింట తొమ్మిది సార్లు 85కీ 145కీ మధ్య పడుతోంది" అని చెప్పగలను. ఆ మాటకి నేను నిలబడగలను. "97.4" అన్న మాటకి ఎవరూ నిలబడలేరు, ఆ పాయింట్ నాలుగు అన్నది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

తమ్ముడు: కానీ ఒక్కోటి పది శాతం తప్పితే, అలాంటివి పది కలిపితే నూరు శాతం అయిపోదా?

అక్క: అన్నీ ఒకేవైపు తప్పితే అవుతుంది. దేనికదే తప్పేవైతే కొన్ని ఇటు, కొన్ని అటు పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మొత్తం 32 శాతం దగ్గర ఆగుతుంది. కాకపోతే కొన్ని జట్టుగా తప్పుతాయి. ఎండ ముదిరితే ఏసీ గంటలూ పెరుగుతాయి, సెట్టింగూ తగ్గిస్తారు. అవి కలిసి నడుస్తాయని చెప్పకపోతే గవ్వలు కూడా మోసం చేస్తాయి. ఇంకో మంచి వార్త ఉంది, దీని గురించి కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే పనికొచ్చేది ఇదే. చిన్నప్పుడు నాన్న మనల్ని బియ్యం కొట్టు కాటా మీద నిలబెట్టేవారు గుర్తుందా? అది రెండు కేజీలు ఎక్కువ చూపించేది.

తమ్ముడు: గుర్తుంది, నేను నీకన్నా ఐదు కేజీలు ఎక్కువ ఉండేవాణ్ణి.

అక్క: ఆ ఐదు కేజీలు మాత్రం నిజమే కదా! కాటా ఇద్దరికీ రెండేసి కేజీలు కలిపింది, తేడా తీసేసరికి ఆ తప్పు పోయింది. బిల్డింగ్ లెక్క కూడా అంతే. ఈ ఫ్లాట్ ఏడాదికి ఎన్ని యూనిట్లు వాడుతుందో నేను గట్టిగా చెప్పలేను. కానీ ఇదే ఫ్లాట్‌కి పడమటి కిటికీ మీద సన్‌షేడ్ ఉంటే ఎంత, లేకపోతే ఎంత అన్న తేడాని చాలా నమ్మకంగా చెప్పగలను, ఎందుకంటే ఎండ రెండింటికీ ఒకటే, మనుషులు రెండింటికీ ఒకరే. ప్రతిసారీ ఒకే గవ్వలు రెండు ఇళ్లకీ వేసి తేడా చూడాలి. ఐదు వేల ఆటల్లో 4,900 సార్లు సన్‌షేడ్ ఉన్న ఇల్లే గెలిస్తే, ఎంత ఆదా అన్నది తేలకపోయినా పెట్టాలా వద్దా అన్నది తేలిపోయింది. వేసవి ఎలా ఉంటుందో తెలీదు కాబట్టి సన్‌షేడ్ గురించి ఏమీ చెప్పలేం అనేవాళ్లతో నాకు అందుకే పడదు.

తమ్ముడు: దీనికి మన ఊరి ఉదాహరణ ఏదైనా ఉందా?

అక్క: ఉంది. డాబాకి తెల్లరంగు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ వాళ్లూ ఇక్కడి ఐఐఐటీ హైదరాబాద్ వాళ్లూ కలిసి హైదరాబాద్‌లో నిజం బిల్డింగుల కప్పుల మీద తెల్లపూత వేసి కొలిచారు, 2012లో ఫలితాలు వచ్చాయి. నల్లగా ఉన్న కప్పుకి తెల్లరంగు వేస్తే కూలింగ్‌కి అయ్యే కరెంటు 14 నుంచి 26 శాతం తగ్గింది. మామూలు కాంక్రీటు స్లాబుకి వేస్తే 10 నుంచి 19 శాతం. వాళ్లు రాసిన పద్ధతి చూడు, ఇంత నుంచి ఇంత అని. ఆ మధ్య దూరం కూడా ఒక సమాచారమే. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, కమర్షియల్, ప్రభుత్వ బిల్డింగులకీ, 600 చదరపు గజాలు దాటిన ఇళ్లకీ తప్పనిసరి అని.

తమ్ముడు: మన డాబాకి రెండేళ్ల క్రితం వేయించాం కదా.

అక్క: ఇందాక పైకెళ్లి చూశాను. వాటర్ ట్యాంకు కింద, నీడ ఉన్న చోట, ఇంకా పాలలా ఉంది. మిగతా అంతా దుమ్ము పట్టి బూడిద రంగులోకి వచ్చేసింది. వేలితో రుద్దితే కింద తెలుపు బయటపడుతోంది. కొత్త పూత ఎండలో నూటికి ఎనభై వంతులు వెనక్కి కొడుతుంది, ఒకటి రెండేళ్లు దుమ్ము తిన్నాక అరవై దరిదాపుల్లోకి వస్తుంది. లెక్కల్లో చాలామంది ఎనభై పెట్టి వదిలేస్తారు. వేసవికి ముందు ఒకసారి నీళ్లు కొట్టి కడిగితే చాలావరకు తిరిగొస్తుంది. అలాగే ఈ ఆదా అంతా కప్పుకి ఆనుకున్న పై అంతస్తుదే. ఐదంతస్తుల్లో రెండో అంతస్తువాళ్ల బిల్లులో ఏమీ కనబడదు, అయినా డబ్బులు అందరూ వేసుకోవాలి. అసోసియేషన్ మీటింగులో గొడవ అక్కడే వస్తుంది.

తమ్ముడు: వచ్చింది కూడా. సరే, ఇప్పటిదాకా కరెంటు గురించే మాట్లాడాం. కట్టేటప్పుడు అయ్యే నష్టం సంగతేంటి, సిమెంటు, స్టీలు?

అక్క: దీనికి చిన్న లెక్క నోటితోనే వేద్దాం, మన మేస్త్రీలు వాడే లెక్క. చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు, 4 కేజీల స్టీలు. 1200 అడుగుల ఫ్లాట్ అనుకో. 480 బస్తాలు, అంటే 24 టన్నుల సిమెంటు. 4.8 టన్నుల స్టీలు. సిమెంటు టన్నుకి 0.6 నుంచి 0.85 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వేసుకో. బొగ్గు కాల్చడం వల్ల మాత్రమే కాదు, సున్నపురాయిని కాల్చితే ఆ రాయిలోంచే గ్యాసు వస్తుంది, అది సగం కన్నా ఎక్కువ. స్టీలు టన్నుకి 1.6 నుంచి 2.5. మొత్తం కలిపితే 22 నుంచి 32 టన్నులు. ఇప్పుడు కరెంటు. నెలకి 250 యూనిట్ల చొప్పున ఏడాదికి 3000. మన దేశం గ్రిడ్‌లో యూనిట్‌కి దాదాపు 0.7 కేజీలు. అంటే ఏడాదికి 2.1 టన్నులు. గృహప్రవేశం నాడు పాలు పొంగించే సరికే పది నుంచి పదిహేనేళ్ల కరెంటుకి సరిపడా పొగ వదిలేశాం అన్నమాట, ఇందులో ఇటుకలూ టైల్సూ ఇంకా కలపలేదు.

తమ్ముడు: అమ్మో. ఆ 22 నుంచి 32 మధ్య అంత తేడా ఎందుకు?

అక్క: సిమెంటులో ఏం కలిపారన్న దాన్ని బట్టి. పీపీసీ అనే రకం సిమెంటు బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా ఫ్లై యాష్ ఉండొచ్చు, మన రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం లాంటి థర్మల్ స్టేషన్ల బూడిద. ఆ బూడిద పాపం ఎవరి ఖాతాలో రాయాలి? అది పారేసే చెత్త అనుకుంటే సిమెంటుకి సున్నా. దాన్ని కొనుక్కుంటున్నారు కాబట్టి సరుకే అనుకుంటే బొగ్గు కాల్చిన పొగలో కొంత వాటా సిమెంటుకీ రావాలి. ఏది ఎంచుకుంటే ఆ జవాబు వస్తుంది, బస్తా మాత్రం అదే. స్టీలు కూడా అంతే, విశాఖలో లాగా బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజం కరిగించి చేసిందా, పాత ఇనుము కరిగించి చేసిందా అన్నది తెలీకుండా సైటుకి రాడ్లు దిగుతాయి. 2024 డిసెంబరులో కేంద్రం గ్రీన్ స్టీల్‌కి నిర్వచనం ఇచ్చింది, టన్ను స్టీలుకి 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ లోపైతేనే గ్రీన్ అని, 1.6 లోపైతే ఐదు నక్షత్రాలు అని. రాడ్ల బిల్లు మీద ఆ అంకె రావడం మొదలైతే నా పని చాలా తేలికవుతుంది.

కానీ అసలు పెద్ద అనిశ్చితి సిమెంటూ కాదు, స్టీలూ కాదు. బిల్డింగ్ ఎన్నేళ్లు నిలబడుతుందన్నది. లెక్కల్లో 60 ఏళ్లు అని రాస్తారు. మధ్యస్థంగా 27 టన్నులు అనుకుంటే ఏడాదికి 0.45 టన్నులు. మన బస్తీల్లో ఏం జరుగుతోంది? ముప్ఫై ఏళ్లకే స్లాబు పెచ్చులూడుతోందనో, రేటు బాగా వస్తోందనో డెవలప్‌మెంట్‌కి ఇచ్చి కూలగొడుతున్నారు. ముప్ఫై ఏళ్లకి భాగిస్తే 0.9. రెట్టింపు. ఏ సిమెంటు వాడారన్న గొడవంతా కలిపినా అంత తేడా రాదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939 నాటిది, ఈ రోజుకీ పిల్లలు పాఠాలు వింటున్నారు. ఆ రాళ్ల పాపం ఎప్పుడో తీరిపోయి ఉంటుంది. కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ సరిగ్గా చేయించడం, స్లాబులో రాడ్డుకి సరిపడా కవర్, అంటే రాడ్డు మీద కాంక్రీటు మందం, వదలడం, ఇంకుడు గుంతలో నీళ్లు పునాదుల్లోకి పోకుండా చూడడం, ఇవి కూడా గ్రీన్ పనులే. వీటికి మాత్రం ఎక్కడా చెప్పుకోదగ్గ పాయింట్లు ఉండవు.

తమ్ముడు: మరి దీన్ని సరిగ్గా చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా, లేక అందరూ మనలాగే అంచనా మీద పతకాలు ఇస్తున్నారా?

అక్క: ఆస్ట్రేలియా వాళ్ల నేబర్స్ అనే పద్ధతి నాకు చాలా ఇష్టం. 1990ల చివర్లో మొదలుపెట్టారు. ఆఫీసు బిల్డింగ్ నిజంగా పన్నెండు నెలలు నడిచాక ఆ బిల్లులు చూసే నక్షత్రాలు ఇస్తారు, అవీ ఏడాదికే చెల్లుతాయి. మళ్లీ ఏడాది మళ్లీ బిల్లులు. పెద్ద ఆఫీసు అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా 2010 నుంచి ఆ నక్షత్రాలు చూపించడం చట్టం. అంచనా ఎంత బాగా వేశావన్నది అక్కడ ఎవరికీ అక్కర్లేదు, బిల్డింగ్ ఏం చేసిందన్నదే. మన దగ్గర కూడా బీఈఈ, అంటే కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ వాళ్లు, ఆఫీసు బిల్డింగులకి అసలు వాడకం మీదే స్టార్ రేటింగ్ పెట్టారు, 2009 నుంచి ఉంది, కాకపోతే ఇష్టమైనవాళ్లే తీసుకోవచ్చు. మన పెద్దవాళ్లు ఇల్లు కట్టి చూడు అన్నారు కదా. మనం కడుతున్నాం, కట్టాక చూడడం లేదు. చూసే రోజు వస్తే, నాలాంటివాళ్లు చేసే మోడళ్లు కూడా బాగుపడతాయి, ఎందుకంటే ఎక్కడ తప్పామో తెలుస్తుంది. ఆ లాగ్‌బుక్ అనుకోకుండా కంటపడకపోయి ఉంటే నేను ఈ రోజుకీ 9 నుంచి 6 అనే రాస్తూ ఉండేదాన్ని.

తమ్ముడు: ఇక నా స్వార్థం. ఫ్లాట్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం అడగాలి?

అక్క: ఆకు బొమ్మ గురించి అడగొద్దు. ఇదే బిల్డర్ నాలుగైదేళ్ల క్రితం ఇచ్చిన అపార్ట్‌మెంట్ ఏదో కనుక్కుని, అక్కడ పై అంతస్తువాళ్లవి, పడమటి వైపువాళ్లవి ఏప్రిల్, మే బిల్లులు చూపించమని అడుగు. ఎండాకాలం ట్యాంకర్లు ఎన్ని వస్తాయో వాచ్‌మన్‌ని అడుగు, అతనికి అందరికన్నా బాగా తెలుసు. ఆర్‌ఈటీవీ ఎంత అని అడుగు. గోడల్లోంచి, కిటికీల్లోంచి ఎంత వేడి లోపలికొస్తుందో చెప్పే అంకె అది, ఎకో నివాస్ సంహిత అనే ఇళ్ల కరెంటు పొదుపు కోడ్ ప్రకారం చదరపు మీటరుకి 15 వాట్లు దాటకూడదు. దానికి మనుషుల అలవాట్లతో సంబంధం లేదు, ఏ కిటికీ ఏ దిక్కుకి, ఏ గోడ ఎంత మందం అన్నదాని మీదే వస్తుంది, కాబట్టి బ్రోచర్లో 30 శాతం కన్నా దాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. 30 శాతం అని మళ్లీ ఎవరైనా అంటే మాత్రం, అటూ ఇటూ ఎంత అని అడుగు. ఆ ప్రశ్న పదిమంది అడిగితే, పదకొండోవాడు వచ్చేసరికి బిల్డర్ దాన్ని నాలాంటివాళ్లని అడుగుతాడు.

తమ్ముడు: ఇంకొక్కటి మర్చిపోయాను. నిన్న రాత్రి నువ్వు చెప్పావని పదకొండింటికి అన్నీ ఆపేసి, ఫ్రిజ్ ప్లగ్ కూడా తీసేసి, కిందికెళ్లి లెక్కపెట్టాను. అయినా నిమిషానికి ఐదు సార్లు వెలిగింది.

అక్క: ఫ్రిజ్ కూడా లేకుండా ఐదా? అంటే దాదాపు 94 వాట్లు. ఇన్వర్టర్ తీశావా?

తమ్ముడు: ఇన్వర్టర్ సంగతి గుర్తులేదు.

అక్క: దాని స్విచ్ తీసి ఇవాళ రాత్రి మళ్లీ లెక్కపెట్టు. అప్పటికీ రెండు మూడు వస్తుంటే సెట్‌టాప్ బాక్సు, వైఫై ఒక్కోటీ తీసి చూడు. రాసుకుని నాకు పంపు.